పవర్ మీటరా, చెస్ట్ స్ట్రాపా, ట్రైనరా? పాలమూరు, నల్లగొండ రోడ్ల మీద తొక్కేవాళ్లకు ఏది అక్కరకొస్తుంది

ఆషాఢంలో జడ్చర్ల నుంచి కల్వకుర్తి వైపు బయల్దేరితే సైకిల్ దానంతటదే పోతున్నట్టు ఉంటుంది. పడమటి గాలి వీపు మీద తోస్తుంటే హ్యాండిల్ మీది కంప్యూటర్ 34, 35 చూపిస్తుంది. కల్వకుర్తిలో చాయ్ తాగి వెనక్కి తిరిగితే అదే రోడ్డు, అవే కాళ్లు, 21 దాటడం గగనమైపోతుంది. పోయేటప్పుడు బాగా తొక్కి వచ్చేటప్పుడు అలసిపోయామా? అసలు పోయేటప్పుడే అతి చేశామా? స్పీడ్‌ని చూసి ఈ రెంటిలో ఏదో తేల్చడం కుదరదు. మన దగ్గర కొండలు తక్కువ, గాలి ఎక్కువ, ఎండ ఇంకా ఎక్కువ. ఇలాంటిచోట కిలోమీటర్ల వేగాన్ని నమ్మి ప్రాక్టీస్ చేసేవాడు సగం రోజులు గాలినే కొలుస్తుంటాడు.

అందుకే కాస్త సీరియస్‌గా తొక్కడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు: గుండె వేగం కొలవడానికి ఛాతీకి కట్టుకునే బెల్ట్ (చెస్ట్ స్ట్రాప్) కొనాలా, కాళ్లు పెట్టే బలాన్ని వాట్లలో కొలిచే పవర్ మీటర్ పెట్టించాలా, సైకిల్ బిగించి ఇంట్లోనే తొక్కే స్మార్ట్ ట్రైనర్ వేసుకోవాలా? నా మాట ముందే చెప్పేస్తాను. ఆదివారాలు తొక్కేవాళ్లకు చెస్ట్ స్ట్రాప్ చాలు. వరసగా రెండు మూడు రోజులు తొక్కే ఉద్దేశం ఉన్నవాళ్లకు ఎడమ క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మీద ఉండే పవర్ మీటర్ సరైన కొనుగోలు. పెడల్ మీటర్లు, ట్రైనర్లు ప్రత్యేకమైన అవసరం ఉన్నవాళ్లకే.

వరసగా అన్న మాట దగ్గరే అసలు విషయం ఉంది.

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీలో 21 స్టేజీలు (రోజుకొకటి), మూడు వారాల తొక్కుడు. 1989లో అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్ 3,200 కిలోమీటర్లు పైబడిన పోటీ మొత్తం మీద ఫ్రాన్స్ రైడర్ లోరాన్ ఫిన్యోన్‌ని 8 సెకన్ల తేడాతో ఓడించాడు. ఇలాంటి పోటీలో ఒక్కరోజు మెరిసినవాడికంటే, అవసరం లేని చోట బలం ఖర్చు పెట్టనివాడికే ఎక్కువ మిగులుతుంది. జర్మనీ ఇంజినీర్ ఉల్రిచ్ షోబెరర్ 1986లో క్రాంక్ మీద కొలిచే ఎస్ఆర్ఎమ్ మీటర్ తెచ్చినప్పటి నుంచి ఆ ఖర్చు అంకెల్లో కనబడటం మొదలైంది. 2010ల్లో బ్రిటన్ జట్టు టీమ్ స్కై దీన్నే పోటీ ఎత్తుగడగా మార్చుకుంది. కొండ ఎక్కేటప్పుడు ఎవరైనా దూసుకెళ్తే వెంటపడకుండా, లెక్కగట్టిన వాట్ల దగ్గరే ఉండి, ముందు పోయినవాడు కరిగిపోయాక పట్టుకునేవారు. చూసేవాళ్లకు విసుగొచ్చింది. టూర్ డైరెక్టర్ క్రిస్టియన్ ప్రుధోమ్ అయితే పోటీల్లో పవర్ మీటర్లు వద్దని బహిరంగంగానే అన్నాడు. మీటర్ మనిషిని వేగంగా పోనిస్తుందని ఆయన బాధ కాదు. తొందరపడనివ్వడం లేదనే.

పాలమూరులో ఒక సైకిల్ మెకానిక్ నా క్రాంక్ లోపలివైపు అంటించి ఉన్న చిన్న నల్ల డబ్బీని వేలితో తట్టి చూశాడు.

"గిదేందన్నా?"

"ఎంత బలం పెట్టి తొక్కుతున్ననో చెప్తది తమ్మీ."

"గది నీ కాళ్లకు తెల్వదా?"

న్యాయమైన ప్రశ్న. కాళ్లకు తెలుస్తుంది, కానీ ఆలస్యంగా. పొద్దుగాల 5 గంటలకు, చల్లగా ఉన్నప్పుడు, మొదటి గంటలో ఏదీ కష్టంగా అనిపించదు. ఆ గంటలో చేసిన అతి నాలుగో గంటలోనో, మర్నాడు మెట్లు దిగుతున్నప్పుడో బయటపడుతుంది.

లెక్క ఒకటి చూడండి. మీరు గంటసేపు గట్టిగా నిలబెట్టుకోగలిగే వాట్లను ఎఫ్‌టీపీ అంటారు. ఆ స్థాయిలో గంట తొక్కితే శరీరం మీద పడ్డ భారాన్ని 100 పాయింట్లుగా లెక్కిస్తారు. భారం తీవ్రత వర్గానికి (స్క్వేర్‌కి) తగ్గట్టు పెరుగుతుంది. ఎఫ్‌టీపీలో 65 శాతం దగ్గర 5 గంటలు తొక్కితే సుమారు 211 పాయింట్లు. 75 శాతం దగ్గర అదే 5 గంటలకు 281. ఎఫ్‌టీపీ 200 ఉన్న మనిషికి ఈ రెంటికీ మధ్య తేడా 20 వాట్లు మాత్రమే. తోడు ఉన్నవాడితో మాట్లాడుతూ కాస్త ముందుకు పోతే వచ్చేసే తేడా అది. రెండు రోజుల్లో జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా శ్రీశైలం పోయి రావాలనుకున్నవాడికి మొదటి రోజు అదనంగా పడిన ఆ 70 పాయింట్లే రెండో రోజు దోమలపెంట దగ్గర కాళ్లు పట్టేయడంగా మారతాయి.

ఇక వస్తువుల సంగతి.

చెస్ట్ స్ట్రాప్

ఉజ్జాయింపుగా 3 వేల నుంచి 8 వేలు. అన్నింటికంటే చవక, ఏ సైకిల్‌కైనా పనికొస్తుంది, సైకిల్ అమ్మేసినా మీ దగ్గరే ఉంటుంది. చేతి గడియారం వెనక పచ్చ లైటు పెట్టి కొలిచేదానికంటే ఛాతీ మీది బెల్ట్ చాలా నయం. గతుకుల రోడ్డు మీద, చెమటలో, హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు గడియారం లెక్క తప్పుతుంది. పెట్టుకునే ముందు బెల్ట్ లోపలి రబ్బరు పట్టీలను నీళ్లతో తడపండి. మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు వస్తున్నాయని బెల్ట్‌ని తిట్టేవాళ్లలో చాలామంది పొడి బెల్ట్ కట్టుకున్నవాళ్లే.

దీన్ని వాడటం తేలిక. ఒంటరిగా 30 నిమిషాలు నిలబెట్టుకోగలిగినంత గట్టిగా తొక్కి, చివరి 20 నిమిషాల సగటు గుండె వేగం తీసుకుంటే మీ హద్దు తెలుస్తుంది. రోజువారీ తొక్కుడులో ఎక్కువ భాగం దానికి బాగా కింద, మాట్లాడుతూ పోగలిగే స్థాయిలో ఉండాలి.

లోపాలు రెండు. ఒకటి, గుండె ఆలస్యంగా స్పందిస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ 20 సెకన్లు లేచి నిలబడి తొక్కితే అంకె పెరిగేసరికి ఫ్లైఓవర్ దిగిపోయి ఉంటారు. చిన్న చిన్న ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా తొక్కడం) చేసేవాళ్లకు ఇది పనికిరాదు. రెండోది మన ప్రాంతానికి పెద్దది: ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 8 గంటలు దాటాక శరీరం చల్లబడటానికి రక్తాన్ని చర్మం వైపు పంపుతుంది, చెమటతో నీరు పోతుంది, గుండె అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. కాళ్లు పెట్టే బలం మారకపోయినా రెండు గంటల్లో 10, 15 బీట్లు పైకి పాకడం మామూలే. అయితే నన్నడిగితే దీన్ని లోపమని కొట్టిపారేయకూడదు. మిర్యాలగూడ ఎండలో గుండె 165 దగ్గర ఉంటే, "వాట్లు తక్కువే కదా" అని సమాధానపడటం తెలివితక్కువ పని. శరీరం పడుతున్న కష్టం నిజమైనదే. పవర్ మీటర్ కొన్నాక కూడా బెల్ట్ తీసి పక్కన పడేయొద్దు అనేది ఇందుకే. అవే వాట్లకు గుండె వేగం నెలనెలా తగ్గుతుంటే ఫిట్‌నెస్ పెరుగుతోందని, ఒక్కరోజులో ఎగబాకితే నిద్రో నీళ్లో జ్వరమో చూసుకోవాలని ఈ రెండూ కలిస్తేనే తెలుస్తుంది.

ఎడమ క్రాంక్ మీటర్

సుమారు 25 వేల నుంచి 40 వేలు. క్రాంక్ లోహం మీ తొక్కుడుకు కంటికి కనబడనంత వంగుతుంది. ఆ వంపును సన్నని స్ట్రెయిన్ గేజ్‌లు పట్టుకుంటాయి. బలానికి క్రాంక్ తిరిగే వేగాన్ని గుణిస్తే వాట్లు వస్తాయి. ఎడమ కాలి వాట్లనే కొలిచి రెట్టింపు చేసి చూపిస్తుంది. అనుమానమంతా ఇక్కడే వస్తుంది: నా రెండు కాళ్లూ సమానం కాకపోతే?

కాకపోవచ్చు. మీ ఎడమ కాలు మొత్తంలో 48 శాతమే పెడుతుంటే నిజంగా 200 వాట్లు తొక్కుతున్నప్పుడు 192 చూపిస్తుంది. అయితే ఏంటి? మీ ఎఫ్‌టీపీ కూడా అదే మీటర్ మీద తీస్తారు, దాన్ని బట్టి పెట్టుకునే తీవ్రత స్థాయిలు (జోన్లు) కూడా అదే మీటర్ మీద నడుస్తాయి. కొలబద్ద కాస్త పొట్టిదైనా ఎప్పుడూ అదే కొలబద్ద అయితే ప్రాక్టీస్‌కి ఇబ్బంది లేదు. మోకాలి దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్లకు, పక్కవాడి వాట్లతో పందెం వేసుకునేవాళ్లకు మాత్రమే తేడా కొడుతుంది. రెండోవాళ్ల గురించి నాకు పెద్ద బాధ లేదు.

అసలు అడ్డంకి వేరేచోట ఉంది. మన దగ్గర తిరిగే హైబ్రిడ్ సైకిళ్లు చాలావాటికి చతురస్రపు ఇరుసు మీద కూర్చునే పాతరకం క్రాంక్ ఉంటుంది. దానికి సరిపోయే ఎడమ క్రాంక్ మీటర్ దొరకడం కష్టం. షిమానో హాలోటెక్ 2 రకం ఉంటే అదృష్టం: రెండు అలెన్ బోల్టులు వదులు చేసి, ఒక ప్లాస్టిక్ మూత తిప్పి తీస్తే పాత క్రాంక్ చేతికొస్తుంది, కొత్తది పది నిమిషాల్లో ఎక్కుతుంది. కొనే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. క్రాంక్ మోడల్, పొడవు, క్రాంక్‌కీ వెనక చక్రం వైపు పోయే ఫ్రేమ్ గొట్టానికీ మధ్య ఉన్న సందు. పొడవు క్రాంక్ లోపలివైపు 170 అనో 172.5 అనో చెక్కి ఉంటుంది. సందు చాలకపోతే ఆ డబ్బీ ఫ్రేమ్‌ని రాసుకుంటుంది.

సెల్ సంగతి: వీటిలో చాలావాటికి సీఆర్ 2032 బిళ్ల సరిపోతుంది. దేవరకొండ బస్టాండ్ ముందు గడియారాల దుకాణంలో కూడా దొరికే సరుకది. ఛార్జర్ మరిచిపోయే బాధ లేదు.

రోజూ చేయాల్సిన పని ఒక్కటే, చాలామంది చేయనిదీ అదే. లోహం వేడికి సాగుతుంది, గేజ్ లెక్క పక్కకు జరుగుతుంది. గదిలో ఉన్న సైకిల్‌ని బయటికి తెచ్చి పది నిమిషాలు వదిలేయండి. క్రాంక్‌ని రెండు చుట్లు వెనక్కి తిప్పి, నిలువుగా కిందికి ఆపి, పెడల్ మీద కాలు లేకుండా సైకిల్ కంప్యూటర్‌లో కాలిబ్రేట్ నొక్కండి. వచ్చే అంకె నిన్నటికి దగ్గరగా ఉండాలి. చాలా దూరంగా ఉంటే బోల్టులు చూడండి, తర్వాత సెల్ చూడండి. ఎండాకాలంలో మధ్యలో ఎక్కడైనా ఆగినప్పుడు ఇంకోసారి చేస్తే మంచిది. 5 గంటలప్పుడు ఉన్న చల్లదనం 9 గంటలకు మన దగ్గర ఆనవాలుకు కూడా ఉండదు.

పెడల్ మీటర్లు

రెండు వైపులా కొలిచేవి 60 వేలు పైమాటే. ఫావెరో అసియోమా, గార్మిన్ రాలీ లాంటివి. కంపెనీలు లెక్క తేడా 1 శాతం అటూ ఇటూ అని చెబుతాయి. క్రాంక్ ఏదైనా పర్వాలేదు, ఒక సైకిల్ నుంచి తీసి ఇంకోదానికి బిగించుకోవచ్చు. రోడ్డు సైకిల్ ఒకటి, టైమ్ ట్రయల్ సైకిల్ ఒకటి ఉన్నవాళ్లకు, పోటీకి పోయినచోట సైకిల్ అద్దెకు తీసుకునేవాళ్లకు ఇంతకు మించింది లేదు. ఒక్క సైకిల్ ఉన్నవాళ్లకు ఇది దండగ. పైగా వీటిలో ఎక్కువ వాటికి క్లీట్ బూట్లు (అడుగున పెడల్‌కి బిగుసుకునే పట్టు ఉన్నవి) తప్పనిసరి. చెప్పులేసుకుని, మామూలు షూ వేసుకుని తొక్కేవాళ్లు ముందు ఆ అలవాటు చేసుకోవాలి. ఇంకో సంగతి: పడితే ముందు నేలను తాకేది పెడలే. వానాకాలంలో అలంపూర్ వైపు నల్లరేగడిలో కాలు పెట్టి మళ్లీ క్లీట్ బిగించడానికి తిప్పలు పడినవాళ్లకు నేను చెప్పనవసరం లేదు.

వెనక చక్రం హబ్‌లో కొలిచేవి, రెండు కాళ్ల బలాన్నీ కలిపి కొలిచే స్పైడర్ రకం కూడా ఉన్నాయి. బాగానే ఉంటాయి, కానీ మన దగ్గర దొరకడం, బిగించేవాళ్లు దొరకడం కష్టం కాబట్టి వదిలేస్తున్నాను.

స్మార్ట్ ట్రైనర్

40 వేల నుంచి లక్ష దాటి. వెనక చక్రం తీసేసి నేరుగా చైన్ ఎక్కించేవి మంచివి. వాట్లు అదే చెబుతుంది, కాబట్టి ఇంట్లో తొక్కినంతసేపూ వేరే మీటర్ అక్కర్లేదు. ఇంట్లో తొక్కడమంటే నాకు మనసొప్పదు, అయినా దీని బలం ఒప్పుకోవాలి. ఎఫ్‌టీపీ పరీక్షకు 20 నిమిషాలు ఆపకుండా తొక్కి, వచ్చిన సగటులో 95 శాతం తీసుకుంటారు. స్పీడ్ బ్రేకర్, గేదె, ఊరు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు అడ్డం రాకుండా 20 నిమిషాలు నల్లగొండ జిల్లాలో ఎక్కడ దొరుకుతాయి చెప్పండి? కోతల కాలంలో సగం రోడ్డు వడ్లదే. ఆ రోజు గ్రాఫ్ తెరిచి చూస్తే నిమిషానికోసారి సున్నాకు పడి లేస్తుంటుంది. సగటు వాట్లు 140 అని కనబడుతుంది, కాళ్లేమో ఇంకేదో చెబుతాయి. అందుకే ఆ హెచ్చుతగ్గుల భారాన్ని కూడా లెక్కలోకి తీసుకునే నార్మలైజ్డ్ పవర్ అని ఇంకో అంకె ఉంటుంది. 200 వాట్లు నిలకడగా గంట తొక్కినా, ఐదు నిమిషాలు 100, ఐదు నిమిషాలు 300 చొప్పున మార్చి మార్చి గంట తొక్కినా సగటు 200 వాట్లే. నార్మలైజ్డ్ పవర్ మాత్రం రెండోదానికి దాదాపు 250 వస్తుంది. ఊళ్ల మధ్య తొక్కిన రోజు ఆ అంకెను చూడండి.

ట్రైనర్‌తో పాటు పెద్ద ఫ్యాన్ లెక్కలో వేసుకోవాలి. ఎదురుగాలి లేకుండా ఇంట్లో 30 నిమిషాలు గట్టిగా తొక్కితే బయటికంటే వేడెక్కుతారు, వాట్లు పడిపోతాయి. కరెంటు పోతే చాలా ట్రైనర్లలో రెసిస్టెన్స్ మారడం ఆగిపోతుంది. కింద ఇంటి ఓనర్ ఉంటే పొద్దుగాల 5 గంటలకు మొదలుపెట్టే ముందు ఒకమాట అడగడం మంచిది. షిఫ్టు ఉద్యోగాల వాళ్లకు, 65వ నంబరు హైవే లారీల మధ్య చీకట్లో తొక్కడానికి ఇంట్లో ఒప్పుకోనివాళ్లకు ఇదే సరైనది. మిగతావాళ్లకు రెండో కొనుగోలు.

ఏమీ కొనకుండా

గుట్ట ఉంటే చాలు. మన్యంకొండ ఘాట్, అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం ఎక్కుడు, హాజీపూర్ దాటాక మన్ననూర్ వైపు ఎక్కే మలుపులు, ఏదో ఒకటి ఎంచుకోండి. నిటారు ఎక్కుడు మీద వేగం తక్కువ కాబట్టి గాలి ఖర్చు తక్కువ, బలమంతా బరువును పైకి ఎత్తడానికే పోతుంది. మీరు, సైకిల్, నీళ్లు కలిపి 85 కిలోలు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తు 6 నిమిషాల్లో ఎక్కితే 85ని 9.81తో, 100తో గుణించి 360 సెకన్లతో భాగించండి. దాదాపు 232 వాట్లు. టైర్ల రాపిడికి, గాలికి ఇంకో పదో వంతు కలుపుకోండి. నెలకోసారి అదే గుట్ట, అదే బరువు, గాలి లేని పొద్దు. టైం తగ్గుతుంటే మీరు మెరుగవుతున్నట్టే. చదును రోడ్డు మీద ఈ లెక్క పనిచేయదు. అక్కడ గాలిని చీల్చే ఖర్చు వేగం ఘనానికి (క్యూబ్‌కి) తగ్గట్టు పెరుగుతుంది. 25 నుంచి 30కి పోతే ఆ ఖర్చు ఏకంగా 73 శాతం పెరుగుతుంది. (మన్ననూర్ దాటి పోవాలనుకుంటే, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసి ఉంటుంది. దాన్ని బట్టి బయల్దేరండి.)

మీరు ఎవరు?

20, 30 వేల హైబ్రిడ్ సైకిల్, వారానికి ఒకటి రెండు రైడ్లు: స్ట్రాప్ కొని, మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, ప్యాడింగ్ ఉన్న నిక్కరు కొనండి. వాటితో వచ్చే మార్పు ఏ మీటర్‌తోనూ రాదు.

బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు) తొక్కేవాళ్లు: 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు కాబట్టి స్ట్రాప్‌తో హాయిగా పూర్తవుతుంది. 400, 600కి పోతున్నవాళ్లకు ఎడమ క్రాంక్ మీటర్ పెట్టిన డబ్బు రాబడుతుంది, ముఖ్యంగా మొదటి 100 కిలోమీటర్లలో మిమ్మల్ని వెనక్కి లాగినందుకు.

టూర్ ఆఫ్ నీలగిరీస్ లాంటి వరస రోజుల రైడ్లు, స్టేజ్ పోటీలు: ఎడమ క్రాంక్, స్ట్రాప్, రెండూ. అక్కడ గుంపులో వెనక నక్కి తొక్కితే వాట్లు ఎంత తగ్గుతాయో కళ్లారా చూస్తారు. సాగర్ నుంచి నల్లగొండ వైపు ఎదురుగాలిలో నలుగురు మార్చి మార్చి ముందు నిలబడి తొక్కినా అదే పాఠం దొరుకుతుంది.

పోటీల్లోకి దింపాలనుకుంటున్న పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు: ఇప్పుడే మీటర్ వద్దు. ముందు కోచ్, గుంపులో తొక్కడం, మలుపు తీసుకోవడం, ఉస్మానియా వెలోడ్రోమ్ లాంటిచోట ట్రాక్ మీద అలవాటు. టూర్ గెలిచే స్థాయి రైడర్లు అరగంట పైబడిన ఎక్కుడు మీద శరీర బరువులో కిలోకు 6 వాట్లు దాటిస్తారు. ఎదిగే పిల్లవాడి చేతికి ఆ కొలత ఇస్తే వాట్లు పెంచడం మానేసి తిండి తగ్గించడం మొదలుపెడతాడు. తల్లిదండ్రులు ఇక్కడ గట్టిగా ఉండాలి.

అమెరికా నుంచి వచ్చే బావమరిదితో తెప్పించుకుంటే చవకే, కానీ అక్కడ కొన్నదానికి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ఆర్డర్ పెట్టకముందే కంపెనీకి మెయిల్ రాసి కనుక్కోండి. సెకండ్ హ్యాండ్ అయితే నాలుగు పనులు చేయండి. సెల్ మూత తీసి లోపల తుప్పు, తేమ ఉన్నాయేమో చూడండి. వరసగా ఐదుసార్లు కాలిబ్రేట్ చేసి అంకెలు ఒకదానికొకటి దగ్గరగా వస్తున్నాయా చూడండి. పెడల్ మీటర్ అయితే బేరింగ్‌ని చేత్తో తిప్పి గరగర ఉందేమో వినండి. తెలిసినవాళ్ల దగ్గర స్మార్ట్ ట్రైనర్ ఉంటే దాని మీద ఎక్కించి 100, 150, 200 వాట్ల దగ్గర మూడేసి నిమిషాలు తొక్కి రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. తేడా మూడుచోట్లా ఒకే శాతంలో ఉంటే కొనొచ్చు. 100 దగ్గర సరిపోయి 200 దగ్గర పక్కకు పోతుంటే, ఎంత చవకగా ఇస్తానన్నా తీసుకోకండి.